సవరణ: మా సీనియర్ పీపీ కాదు, ఏపీపీ

నల్లగొండలో మా సీనియర్ వకీలు సర్కారు కొలువు వదిలి సొంత ప్రాక్టీసు పెట్టుకున్న సంగతి మొన్న రాశాను. అందులో రెండు తప్పులు దొర్లాయి, మన్నించండి.

ఆయన్ని పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ), అంటే క్రిమినల్ కేసుల్లో సర్కారు తరఫున వాదించే వకీలు అన్నాను. ఆయన చేసింది అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ (ఏపీపీ)గా. పీపీలు వాదించేది సెషన్స్ కోర్టులో, ఏపీపీలు మేజిస్ట్రేట్ కోర్టుల్లో.

రెండోది పెద్ద తప్పు. "ఇక ఏ కేసైనా పట్టొచ్చు" అని రాశాను. అది చదివి మిర్యాలగూడ నుంచి ఒకాయన తన మీదున్న పాత కేసు మా సీనియర్‌కే ఇస్తానని ఫోన్ చేశాడు. ఆ కేసులో సర్కారు తరఫున నిలబడ్డది మా సీనియరే! ఒక పక్షాన పనిచేసిన వకీలు అదే వ్యవహారంలో ఎదుటి పక్షాన హాజరు కాకూడదని, వకీళ్ల నడవడికి నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 33వ నియమం. పోలీసుల కాగితాలన్నీ లోపలి నుంచి చూసిన మనిషి మరి, ఎట్లా కుదురుతుంది?

కొత్త క్రిమినల్ కేసులు, భూమి తగాదాలు తీసుకోవచ్చు. బాధితుల వైపు కూడా ఉండొచ్చు: 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 18వ సెక్షన్ ప్రకారం, కోర్టు అనుమతిస్తే బాధితులు ప్రాసిక్యూషన్‌కు సాయంగా తమ వకీలును పెట్టుకోవచ్చు.

ఫోన్ చేసినాయనకు వేరే వకీలును చూసుకోమని చెప్పాను. పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను.