వీలైనంత త్వరగా!

ఒక సెలవురోజు, దేశంలో అన్నిటికన్నా బలమైన అధికారం ఎవరి చేతిలో ఉందో తేల్చుకుందామని రాజ్యాంగం ముందేసుకుని కూర్చున్నాను. ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా చూశాను, రాష్ట్ర జాబితా చూశాను. ఉమ్మడి జాబితా కూడా చూశాను. అది అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి లాంటిది. పేచీ వస్తే సాధారణంగా పెద్దన్న మాటే చెల్లుతుందని 254వ అధికరణం సెలవిస్తోంది. విద్య, అడవులు 1976లో రాష్ట్రాల పెరడు దాటి ఈ ఉమ్మడి ఇంటికే కాపురానికి వచ్చాయి. నేను వెతుకుతున్నది మాత్రం ఈ జాబితాల్లో దొరకలేదు. 200వ అధికరణంలో దొరికింది. దాని పేరు కూర్చోవడం.

శాసనసభ ఆమోదించిన బిల్లు గవర్నరు దగ్గరకు వెళుతుంది. ఆయన సమ్మతి తెలపవచ్చు, నిలిపివేయవచ్చు, రాష్ట్రపతి పరిశీలనకు పంపవచ్చు. ద్రవ్య బిల్లు కాకపోతే ‘వీలైనంత త్వరగా’ సభకు తిప్పి పంపవచ్చు. సభ మళ్ళీ ఆమోదిస్తే ఇక సమ్మతి ఆపకూడదు. ఇవేవీ చేయకుండా బిల్లును బల్లమీద నానబెడితే ఏమవుతుందో అందులో రాయలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెతకు ఇంత పటిష్ఠమైన చట్టబద్ధత మరెక్కడా చూడలేదు.

రాజ్యాంగ నిర్మాతలకు రోజులు లెక్కపెట్టడం రాదని అనుకోకండి. ద్రవ్య బిల్లు మీద అభిప్రాయం చెప్పడానికి రాజ్యసభకు 14 రోజులు. చట్టసభలో సభ్యత్వం లేని మంత్రి ఎన్నిక కావడానికి ఆరు నెలలు. 201వ అధికరణం మరీ ముచ్చటైనది: రాష్ట్రపతి తిప్పి పంపించిన బిల్లును శాసనసభ ఆరు నెలల్లో పునఃపరిశీలించాలి; రాష్ట్రపతి తేల్చడానికి మాత్రం గడువు లేదు. 2014లో విభజన బిల్లుపై ఆంధ్రప్రదేశ్ శాసనసభకు జనవరి 23 దాకా సమయమిచ్చారు, అడిగితే మరో వారం పొడిగించారు. సభ బిల్లును తిరస్కరించింది. 3వ అధికరణం కింద సభ అభిప్రాయం అడిగితే చాలు, వినాలని లేదు కనుక పార్లమెంటు తన పని తాను చేసుకుపోయింది. మొత్తానికి ఎన్నికైనవారికి గడియారం, నియమితులకు పంచాంగం.

పంచాంగం అన్నానని గవర్నర్లందరూ నిదానస్తులని నిందించడం అన్యాయం. 1984 ఆగస్టులో మెజారిటీ నిరూపించుకుంటానంటున్న ఎన్టీఆర్‌ను రామ్‌లాల్ ఎంత చురుగ్గా పదవి నుంచి తప్పించారో తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. 2019 నవంబరు 23న మహారాష్ట్రలో రాష్ట్రపతి పాలన తెల్లవారుజామున 5 గంటల 47 నిమిషాలకు తొలగిపోయింది. పాలు కాగే వేళకు కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం కూడా అయిపోయింది. శుభస్య శీఘ్రం! ఏది శుభమో నిర్ణయించేది ఎవరన్న చిల్లర ప్రశ్నలు వద్దు.

సుప్రీంకోర్టు కూడా ఈ రెండు మాటల మీద బాగానే కష్టపడింది. తెలంగాణ ప్రభుత్వం వేసిన కేసులో, ‘వీలైనంత త్వరగా’ అన్న మాటకు అర్థం ఉందని 2023 ఏప్రిల్‌లో గుర్తుచేసింది. అర్థం ఉందని చెప్పడానికే అత్యున్నత న్యాయస్థానం కావలసివచ్చిన మాట అది! 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో ఇద్దరు న్యాయమూర్తులు నెలల లెక్కన గడువులు కట్టారు. రాష్ట్రపతి సలహా అడగగా, అదే ఏడాది నవంబరులో ఐదుగురు న్యాయమూర్తులు కోర్టులు అలా గడువులు పెట్టలేవన్నారు. అయితే గవర్నరు అనంతంగా కూర్చోవడమూ కుదరదన్నారు. నాకు అర్థమైనంతలో, అనంతానికి కాస్త ఇవతల ఎక్కడైనా కూర్చోవచ్చు.

ఈ కళకు ఆద్యులెవరో గానీ, నిష్ణాతులు మాత్రం అప్పటి రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్. ప్రజల ఉత్తరాలను విప్పి చూసే అధికారాన్ని ప్రభుత్వానికి మరింత పెంచే తపాలా సవరణ బిల్లును 1986లో పార్లమెంటు ఆమోదించింది. ఆయన సంతకం చేయలేదు, చేయనని అనలేదు, తిప్పి పంపలేదు. అలాగే ఉంచి 1987లో పదవీ విరమణ చేశారు. ఆ బిల్లును చిట్టచివరికి 2002లో ఉపసంహరించుకున్నారు. అప్పటికి విప్పి చూద్దామన్నా ఉత్తరాలు రాసేవాళ్ళే కరువయ్యారు.