నాటకం పేరు ఒక్కసారైనా పూర్తిగా రాయండి

న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే థియేటర్లలో ఆడే మ్యూజికల్స్, అంటే పాటలతో నడిచే నాటకాల అభిమానుల మధ్య నన్ను చాలాకాలంగా ఇబ్బంది పెడుతున్న విషయం ఒకటుంది. కొత్తగా వచ్చిన ఒకమ్మాయి "మంచి మ్యూజికల్ ఏదైనా చెప్పండి" అని అడుగుతుంది. వెంటనే జవాబు: "డీఈహెచ్ నచ్చితే ఎన్‌టూఎన్ ఓబీసీ విను. ఎస్ఐటీపీడబ్ల్యూజీ తర్వాత చూడొచ్చు." సలహా మంచిదే, మనసుపెట్టి ఇచ్చిందే. కానీ అందులో ఆ పిల్లకు అర్థమయ్యేది ఏముంది? తెలుగమ్మాయైతే ఓబీసీ అనగానే రిజర్వేషన్ సర్టిఫికెట్ గుర్తొస్తుంది. అక్కడ ఓబీసీ అంటే ఒరిజినల్ బ్రాడ్‌వే క్యాస్ట్, అంటే బ్రాడ్‌వేలో మొదట ఆడిన బృందం పాడిన రికార్డింగ్.

పేర్లు కుదించడమే తప్పని నేననను. 1962లో వచ్చిన, పాటల రచయిత, స్వరకర్త స్టీఫెన్ సాండ్‌హైమ్ మ్యూజికల్ పేరు ‘ఎ ఫన్నీ థింగ్ హ్యాపెన్డ్ ఆన్ ది వే టు ది ఫోరం’. అంత పేరు రోజూ ఎవరు పలుకుతారు? అభిమానులు ‘ఫోరం’ అనేశారు. ‘మెరిలీ వి రోల్ అలాంగ్’ ‘మెరిలీ’ అయింది. 1981లో 16 ప్రదర్శనలకే మూతపడిన ఆ షోను నలభై ఏళ్లపాటు ఆ చిన్న పేరుతోనే తలుచుకుంటూ వచ్చారు. 2023లో అది మళ్లీ బ్రాడ్‌వే ఎక్కింది, మరుసటి ఏడాది ఉత్తమ రివైవల్‌గా, అంటే పాత నాటకాలను మళ్లీ వేసినవాటిలో మేటిగా, బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డు కూడా గెలిచింది. ‘లే మిజరాబ్ల్’ను ‘లే మిజ్’ అనడం ఎంత స్థిరపడిందంటే, ఆ షో సొంత వెబ్‌సైట్ అడ్రస్ కూడా అదే. మన పద్యనాటకాల దగ్గరా ఇంతే కదా. ‘శ్రీకృష్ణ రాయబారం’ అని పూర్తిగా అనేది కరపత్రంలోనే. ఊళ్లో మాత్రం "రాత్రికి రాయబారం ఆడుతున్నారంట" అంటారు. ఆ ఒక్క మాటతో పడకసీను నుంచి కౌరవసభ దాకా అంతా కళ్లముందుకొస్తుంది.

ఇవన్నీ నోటితో పలకగలిగే పేర్లు. నాటకంలోని ఏదో ఒక ముక్కను పట్టుకుని ఉంటాయి. ‘సండే ఇన్ ది పార్క్ విత్ జార్జ్’నే తీసుకోండి. 1984 నాటిది, చిత్రకారుడు జార్జ్ సూరా గురించి. మొదటి అంకం చివర, పార్కులో అప్పటిదాకా కీచులాడుకుంటున్న జనాన్ని జార్జ్ ఒక్కొక్కరిగా తన బొమ్మలో ఎక్కడ ఉండాలో అక్కడ నిలబెడతాడు. వాళ్లంతా కలిసి ‘సండే’ అనే పాట పాడతారు. రెండో అంకం చివర కూడా అదే పాట. అందుకే ఆ నాటకాన్ని ‘సండే’ అని పిలిచేవాళ్లంటే నాకు ప్రాణం. అదే నాటకాన్ని ఎస్ఐటీపీడబ్ల్యూజీ అన్నప్పుడు ఏం మిగిలింది? సూరా లేడు, పార్కు లేదు, ఆ పాటా లేదు.

ఇంకా బాధగా అనిపించేది ‘డియర్ ఇవాన్ హాన్సెన్’ సంగతి. ఎవరితోనూ కలవలేక టెన్షన్‌తో నలిగిపోయే హైస్కూల్ కుర్రాడు ఇవాన్. రోజూ తనకు తనే ఉత్తరం రాసుకోమంటాడు డాక్టర్. "డియర్ ఇవాన్ హాన్సెన్" అని మొదలుపెట్టి రాసుకుంటాడు. అందులో ఒక ఉత్తరం తోటి విద్యార్థి చేతిలో పడుతుంది. ఆ కుర్రాడు ఆత్మహత్య చేసుకుంటాడు. అతని దగ్గర దొరికిన కాగితంలో ఆ మూడు మాటలు చూసి, తమ కొడుకు స్నేహితుడికి రాసిన చివరి ఉత్తరం అనుకుంటారు తల్లిదండ్రులు. ఇవాన్ కాదనలేకపోతాడు. కథంతా ఆ పిలుపు మీదే నిలబడి ఉంది. దాన్ని డీఈహెచ్ అని మూడు అక్షరాలు చేసేస్తే, కథ తెలియనివాడికి తలుపు దగ్గరే తాళం వేసినట్టు.

‘నెక్స్ట్ టు నార్మల్’ కూడా అంతే. 2009లో బ్రాడ్‌వేకొచ్చి, 2010లో పులిట్జర్ గెలిచింది. బైపోలార్ జబ్బుతో ఏళ్లతరబడి పోరాడే తల్లి డయానా, ఆ ఇంట్లో ఎవరి కంటికీ ఆనకుండా పెరిగిన కూతురు నటాలీ. చివరికి తల్లీకూతుళ్లు మనసు విప్పి మాట్లాడుకునే పాటలో, మామూలు జీవితం నాకక్కర్లేదు, దాని పక్కన ఎక్కడో ఉన్నా సరే అంటుంది ఆ పిల్ల. ఇంట్లో అలాంటి జబ్బు చూసినవాళ్లకు ఆ మాట ఎక్కడ తగులుతుందో చెప్పక్కర్లేదు. ఆ మాటే నాటకం పేరు. ఎన్‌టూఎన్ అంటే అది వినిపిస్తుందా?

కొన్నిసార్లు ఈ అక్షరాలు అభిమానులకే సరిగా అర్థం కావు. టీఎమ్ఎమ్ అంటే ‘ది మ్యూజిక్ మ్యానా’, ‘థరోలీ మోడర్న్ మిల్లీ’యా? ‘మిల్లీ’ అంటే ఏ గొడవా ఉండదు.

నేను ఇంతగా చెప్పడానికి అసలు కారణం దూరంగా ఉన్నవాళ్లు. న్యూజెర్సీలో ఉంటే బస్సెక్కి బ్రాడ్‌వే థియేటర్లుండే టైమ్స్ స్క్వేర్ దగ్గర దిగొచ్చు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ 2023లో, ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా’ 2025లో ముంబయి దాకా వచ్చాయి. విమానం, హోటల్, టికెట్ అన్నీ కలిపితే అదీ అందరివల్లా అయ్యేది కాదు. అలాంటివాళ్లకు ఉన్నదల్లా రికార్డింగ్, ఎవరో చెప్పిన పేరు. ఆ పేరు పూర్తిగా ఉంటే ఫోన్‌లో వెతికి పది నిమిషాల్లో పాట వింటారు. ఉత్త అక్షరాలైతే దొరికేది ఏ బ్యాంకో, ఏ పరీక్షో.

"తెలియకపోతే అడగొచ్చు కదా" అంటారు. చాలామంది అడగరు. అందరికీ తెలిసిన విషయం తనకొక్కదానికే తెలియదని సిగ్గుపడి మెల్లగా తప్పుకుంటారు. అలా వెళ్లిపోయినవాళ్లను నేను చూశాను. ఏళ్లతరబడి ఈ నాటకాలతో బతికినవాళ్లు తమలో తాము పొడి అక్షరాల్లో మాట్లాడుకుంటే వచ్చే చనువు నాకూ తెలుసు, అది పోవాలని నేను కోరుకోవడం లేదు. మొదటిసారి ప్రస్తావించేటప్పుడు పూర్తి పేరు రాయండి, వీలైతే ఏ సంవత్సరం రికార్డింగో కూడా చెప్పండి. ఆ తర్వాతి వాక్యం నుంచి ఎన్‌టూఎన్ అని రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు.