ఉత్తరం చూసి చెప్పిన వైద్యం

ఆర్టికల్ బాగుంది కానీ పాతకాలం డాక్టర్లు పేషెంట్‌ని చూడకుండా ఉత్తరాల్లో సలహాలిచ్చేవాళ్ళు అని కొంచెం ఎగతాళిగా రాశారు, అది నాకు నచ్చలేదండి. అమెరికా మాజీ ప్రెసిడెంట్ జాన్ ఆడమ్స్ కూతురు నాబీ సంగతే తీసుకోండి. 1811లో ఆవిడకి రొమ్ములో గడ్డ, ముందు హెమ్లాక్ మాత్రలు వాడారు, అంటే విషపు మొక్కే! ఆవిడ ఫిలడెల్ఫియాలో ఉన్న డాక్టర్ బెంజమిన్ రష్‌కి తన పరిస్థితంతా రాస్తే, ఆయన జవాబు ఆవిడకి కాదు, తండ్రికి రాశాడు, మీరూ మీ ఆవిడా మెల్లిమెల్లిగా చెప్పండి, ఒక్కసారిగా చెప్తే భయపడిపోతుంది అని. ఇది చదివినప్పుడు మా ఇంట్లో రిపోర్టులు పేషెంట్‌కి చూపించకుండా దాచడం గుర్తొచ్చింది, సేమ్ టు సేమ్.

సలహా మాత్రం నాన్చకుండా ఇచ్చాడు. పైపూతలు, లోపలికి మందులు వద్దు, 20 కేసుల్లో 19 సార్లు వాటివల్ల చెడే జరుగుతుంది, కత్తి ఒక్కటే మార్గం, అదీ లేట్ చెయ్యకుండా అని. అక్టోబర్‌లో క్విన్సీ ఊళ్ళో అమ్మానాన్నల ఇంట్లోనే సర్జన్ జాన్ వారెన్ ఆపరేషన్ చేశాడు, మత్తు లేదు ఏం లేదు, ఆవిడ ఎలా ఓర్చుకుందో ఊహించలేం. పాపం జబ్బు తిరగబెట్టి 1813లో పోయింది.

ఇంకోటి, 1846లో బోస్టన్‌లో ఈథర్ మత్తులో ఉన్న పేషెంట్ మెడ మీద గడ్డని అందరి ముందూ తీసింది ఎవరనుకున్నారు, ఈ వారెన్ గారి కొడుకే!