1877వ సంవత్సరం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 1877వ సంవత్సరం గారి సముఖమునకు, టెక్సాస్ నుంచి ఒక విద్యార్థిని నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమంగానే ఉన్నారని మా సిలబస్ చూస్తేనే తెలుస్తోంది.

మీరు నన్నెరగరు. నేను మాత్రం ఈ సెమిస్టర్ అంతా మిమ్మల్ని మోస్తున్నాను. ఈ రాష్ట్రంలో ప్రభుత్వ కాలేజీ నుంచి బ్యాచిలర్స్ డిగ్రీ కావాలంటే ఆరు క్రెడిట్ల అమెరికా చరిత్ర చదివి తీరాలని చట్టమే ఉంది. నర్సింగ్ వాళ్లయినా, కంప్యూటర్ల వాళ్లయినా, పిల్లలు బడికి వెళ్లాక అకౌంటింగ్‌లో చేరిన నాలాంటివాళ్లయినా తప్పించుకోలేరు. ఆ ఆరింటినీ రెండు కోర్సులుగా కోశారు. 1301 మీ దగ్గర ఆగుతుంది. 1302 మీ దగ్గర మొదలవుతుంది. ఈ దేశంలో పాత కాలం ఎక్కడ పోయింది, కొత్త కాలం ఎక్కడ పుట్టింది అంటే రెండింటికీ మీ పేరే చెప్పాలి. ఇంత పెద్ద పదవి మీకెలా దక్కిందో కనుక్కుందామని కూర్చున్నాను.

కనుక్కున్నాక మీ మీద గౌరవం పెరగలేదు, ఏమీ అనుకోకండి. 1876 ఎన్నికల్లో జనం ఓట్లు ఎక్కువ పడింది డెమోక్రాట్ శామ్యూల్ టిల్డెన్‌కి. ఫ్లోరిడా, లూసియానా, సౌత్ కరోలినాల్లో మాత్రం గెలిచింది మేమంటే మేమని రెండు పార్టీలూ లెక్కలు పంపాయి. తేల్చడానికి 15 మందితో కమిషన్ వేశారు. వివాదం వచ్చిన ప్రతిచోటా 8 మంది ఒకవైపు, 7 మంది ఒకవైపు. చివరికి అధ్యక్షుణ్ణి తేల్చే ఎలక్టోరల్ ఓట్లలో 185-184 తేడాతో రిపబ్లికన్ రూథర్‌ఫోర్డ్ హేస్ అధ్యక్షుడయ్యాడు. తెరవెనుక ఎవరు ఎవరికి ఏం మాటిచ్చారో చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఎంపీటీసీలను బస్సెక్కించి క్యాంపులకు తీసుకెళ్లడం చూసిన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం, మాకు ఆ మాత్రం ఊహించుకోవడం కష్టం కాదు. మార్చిలో ప్రమాణ స్వీకారం, ఏప్రిల్‌లో సౌత్ కరోలినా, లూసియానా ప్రభుత్వ భవనాల దగ్గర కాపలా ఉన్న ఫెడరల్ సైనికులు బ్యారక్స్‌కి. అంతర్యుద్ధం తర్వాత బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్ల ఓటుకు కేంద్రం అండగా ఉంటుందన్న మాట అక్కడితో సరి.

అంతా అలసిపోయారేమో, సైన్యానికి విశ్రాంతి ఇచ్చారేమో అనుకున్నాను. అదీ కాదు. మీ జూలై నెలలోనే వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో రైల్వే కార్మికులు జీతాల కోత మీద పని ఆపేశారు. సమ్మె పిట్స్‌బర్గ్, చికాగోల దాకా పాకింది. అదే హేస్ గారు ఈసారి తడుముకోకుండా ఫెడరల్ సైనికులను దింపారు. ఓటరును కాపాడటానికి లేని సైన్యం రైలింజను కోసం వచ్చేసింది. ఆ సమ్మెలో దేశం మొత్తం మీద వందమందికి పైగా చనిపోయారు. నన్నడిగితే మిమ్మల్ని ‘ఆధునికం’ అనడానికి ఇంతకన్నా గట్టి ఆధారం దొరకదు. చిత్రమేమిటంటే మా కోర్సులో సమ్మె మొదటి వారం పాఠం. సైన్యం వెనక్కి వెళ్లడం మాత్రం ‘గత కోర్సులో చూశాం కదా’ అనే ఒక స్లైడ్.

(మా కడప వైపు కూడా మీకు మంచి పేరు లేదు లెండి. 1876లో మొదలైన ధాత కరువు మీ ఏలుబడిలోనే ముదిరింది. జనం గంజికి అల్లాడుతుంటే మీరు జనవరి 1నే ఢిల్లీలో దర్బారు పెట్టించి విక్టోరియాని చక్రవర్తినిగా ప్రకటించారు. ఆ సంగతి మళ్లీ మాట్లాడుకుందాం.)

పాఠ్యపుస్తకం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, రెండో భాగం. తెరిస్తే మొదటి పేజీ నంబరే నాలుగు వందలు దాటి ఉంది. ఇంటర్వెల్ అయ్యాక హాల్లోకి వచ్చి కూర్చున్నట్టుంది: హీరో ఎవరి మీద పగబట్టాడో తెలియదు, ఎందుకు పగబట్టాడో అసలే తెలియదు, ఫైట్లు మాత్రం కనిపిస్తున్నాయి. నాకు ముందు ఆ పుస్తకం చదివిన మహానుభావుడు మొదటి అధ్యాయంలో ప్రతి వాక్యానికీ పసుపు హైలైటర్ పూశాడు. రెండో అధ్యాయంలో పేరాకి ఒకటి. కార్నెగీ ఉక్కు దగ్గరికి వచ్చేసరికి తేదీలకు మాత్రమే. ఆ తర్వాత రెండు ప్రపంచ యుద్ధాలు, మహా మాంద్యం, వియత్నాం అన్నీ ముట్టుకోకుండా తెల్లగా మెరుస్తున్నాయి. పసుపంతా మీ కాళ్ల దగ్గరే పోశాడు పాపం.

మీ తర్వాత ఏం జరిగిందో చూడండి. 1890లో మిసిసిపీ కొత్త రాజ్యాంగం రాసుకుంది. ఓటు కావాలంటే పోల్ ట్యాక్స్ కట్టాలి, రాజ్యాంగంలో ఏదో ఒక సెక్షన్ చదవాలి, లేదా చదివి వినిపిస్తే అర్థం చెప్పాలి. చెప్పిన అర్థం సరైందో కాదో తేల్చేది రిజిస్ట్రార్. మా ప్రొఫెసర్ గారు కనీసం మార్కులు ఎలా వేస్తారో చెప్పే రూబ్రిక్ ఇస్తారు. 1898లో లూసియానా ఇంకో తెలివి చూపించింది. 1867కి ముందు ఓటరు తండ్రికో తాతకో ఓటుంటే అతనికి చదువు పరీక్ష లేదంది. అప్పటికి అక్కడి నల్లవాళ్లకు ఓటే లేదు మరి. ఆ రాష్ట్రంలో 1896లో నల్లజాతి ఓటర్లు 1,30,334 మంది. 1904 నాటికి 1,342. నార్త్ కరోలినా నుంచి జార్జ్ వైట్ 1901లో పదవి దిగిపోయాక, దక్షిణాది నుంచి మళ్లీ నల్లజాతి సభ్యులు కాంగ్రెస్‌కి ఎన్నికైంది 1972లో. వారిలో ఒకరు మా టెక్సాస్‌కి చెందిన బార్బరా జోర్డాన్. మధ్యలో డెబ్బై ఏళ్లు. ఇదంతా మీ ఖాతాలో రాయాలి కదండీ! మా పుస్తకం మాత్రం ‘దురదృష్టవశాత్తు’ అని ఒక మాట వాడి, గబగబా ఎడిసన్ బల్బు దగ్గరికి వెళ్లిపోయింది.

దీని మీద ఆన్‌లైన్ డిస్కషన్ పెట్టారు. 250 మాటల్లో అభిప్రాయం రాయాలి, ఇద్దరు క్లాస్‌మేట్స్‌కి రిప్లై ఇవ్వాలి. ఆదివారం రాత్రి 11:59కి గడువు. 11:40కి నాకొక రిప్లై వచ్చింది: ‘గ్రేట్ పోస్ట్! ఓటు ముఖ్యమని మీరు చెప్పిన పాయింట్ నాకు బాగా నచ్చింది.’ నేను పోల్ ట్యాక్స్ గురించి రాశాను. పది నిమిషాలకు అదే రిప్లై, అక్షరం పొల్లుపోకుండా, మహిళల ఓటు హక్కు మీద రాసిన అమ్మాయికీ వెళ్లింది.

మీ వల్ల మా ఇళ్లలో వచ్చిన చిక్కు వేరే ఉంది. 2025 జనవరి 20న, తల్లిదండ్రులకు గ్రీన్ కార్డైనా లేకుండా ఇక్కడ పుట్టే పిల్లలకు పౌరసత్వం ఉండదని ఉత్తర్వు వచ్చింది. డాలస్ చుట్టుపక్కల హెచ్1బీ మీద ఉన్న ఇళ్లలో టెన్షన్ ఎలా ఉండిందో చెప్పక్కర్లేదు. ఫ్రిస్కోలో ఏ పూజకు వెళ్లినా ప్రసాదం చేతిలో పెట్టుకుని పద్నాలుగో సవరణ గురించే మాటలు. ఇక్కడ పుట్టినవాళ్లు ఇక్కడి పౌరులేనన్న ఆ సవరణ 1868 నాటిది. అంటే మీ గోడకి అవతల, 1301లో ఉంది. దాని ఆధారంగా, చైనా నుంచి వచ్చిన తల్లిదండ్రులకు ఇక్కడ పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ గెలిచిన కేసు 1898 నాటిది, అది 1302లో. చట్టం ఒక సెమిస్టర్‌లో, తీర్పు ఇంకో సెమిస్టర్‌లో. ఈ కాలానికి ఇంతకన్నా దగ్గరి ప్రశ్న మాకు లేదు, దాని మొదలు మాత్రం ‘ఆధునికం’లోకి రాదట.

ఇంకొకాయన సంగతి చెప్పకుండా ఉండలేను. పంజాబ్ నుంచి వలస వచ్చిన భగత్ సింగ్ తింద్. అమెరికా సైన్యంలో పనిచేసి పౌరసత్వం అడిగాడు. అప్పట్లో బయటి నుంచి వచ్చినవాళ్లలో పౌరసత్వం తెల్లవాళ్లకూ ఆఫ్రికన్ మూలాల వాళ్లకూ మాత్రమే. కాబట్టి తాను ఆర్య జాతి వాడినని, పైగా పెద్ద కులమని వాదించాడు. కులం సర్టిఫికెట్ సుప్రీంకోర్టు దాకా తెచ్చిన మనిషిని మా వాళ్లు ఇంకా గుర్తించి సన్మానం చేయలేదెందుకో. 1922 నవంబర్‌లో జపాన్ నుంచి వచ్చిన ఒజావా కేసులో, తెల్లవాడంటే కాకేసియన్ అని జస్టిస్ సదర్లాండ్ రాశారు. 1923 ఫిబ్రవరిలో కాకేసియన్‌నని తింద్ వస్తే, శాస్త్రం సంగతి సరే, మామూలు మనిషి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కాదని అదే సదర్లాండ్ గారే రాశారు. మూడు నెలలు! భారతీయులకు పౌరసత్వం దారి తెరుచుకున్నది 1946లో. అప్పుడు కూడా కోటా ఏడాదికి 100 మంది.

మనవాళ్లకి 1965 బాగా తెలుసు. అక్టోబర్‌లో వలస చట్టం మారింది, డాక్టర్లూ ఇంజనీర్లూ విమానం ఎక్కారు. అదే ఏడాది ఆగస్టులో ఓటు హక్కు చట్టం మీద సంతకం పెట్టిందీ అదే అధ్యక్షుడు జాన్సన్. దానికోసం అలబామాలోని సెల్మా వంతెన మీద పోలీసుల దెబ్బలు తిన్నవాళ్లు కొత్తగా ఏమీ అడగలేదు. జాతిని బట్టి ఓటు ఆపకూడదని 1870లో పదిహేనో సవరణ రాసిచ్చినదాన్నే అమలు చేయమన్నారు. ఆ 1870 సంగతి చెప్పకుండా 1965 చెబితే, ఎవరో పెద్దమనసుతో దానం చేసినట్టే వినిపిస్తుంది. మా క్లాసులో సగం మందికి అలాగే వినిపించింది.

మీ పదవి శాశ్వతం అనుకోకండి. క్లాసుకు వెళ్లకుండా కాలేజీ క్రెడిట్ల కోసం క్లెప్ పరీక్ష రాసేవాళ్లకు రెండో భాగం అంతర్యుద్ధం ముగిసిన 1865 నుంచే మొదలు. హైస్కూల్‌లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) చరిత్ర చదివే మా పిల్లలకు ఒక పీరియడ్ మీ దగ్గర ఆగకముందే, తర్వాతిది 1865లో మొదలైపోతుంది. దేశం ఒకటే, గోడ మాత్రం పరీక్షని బట్టి జరుగుతుంది. కాబట్టి నా విన్నపం చిన్నది: ఓ పన్నెండేళ్లు వెనక్కి జరిగి కూర్చోండి. మీకు ఖర్చేమీ లేదు. మాకు మొదటి వారం రెండు క్లాసులు ఎక్కువవుతాయి. ఎలాగూ చివర్లో రీగన్ నుంచి ఇరాక్ యుద్ధం దాకా ఒకే మంగళవారం పూట చెప్పేశారు, అందులో ఇరవై నిమిషాలు ప్రొజెక్టర్ పనిచేయలేదు.

ఇట్లు,
1302, మూడో వరుస, కిటికీ పక్క సీటు

తాజా కలం: వచ్చే ఫాల్‌లో 1301 తీసుకుంటున్నాను, మీ అవతలి వైపు ఏముందో చూద్దామని. సిలబస్ ముందే పెట్టారు. బానిసత్వం రద్దు, పద్నాలుగో సవరణ, పదిహేనో సవరణ, మీరు, అన్నీ కలిపి థాంక్స్‌గివింగ్ సెలవుల తర్వాత వచ్చే ఒక్క వారంలో ఉన్నాయి. పక్కన చిన్న అక్షరాల్లో ‘టైం ఉంటే’ అని రాసుంది.