సైట్‌సీయింగ్ కమిటీ కన్వీనర్ సవినయ విన్నపం

మా కాలేజీలో ఏ జాతీయ సదస్సు జరిగినా సైట్‌సీయింగ్ కమిటీకి నన్నే కన్వీనర్‌ని చేస్తారు. పేపర్లు ఎంపిక చేసే కమిటీకి పెద్దవాళ్లున్నారు. భోజనాల కమిటీకి పలుకుబడి ఉన్నవాళ్లున్నారు. ఇక మిగిలింది ఊరు చూపించడం. ‘మలక్‌పేటలో పుట్టినవాడివి, ఊరంతా నీకు తెలుసు కదా’ అంటారు. హైదరాబాద్ అంతా తెలిసినవాడు ఇంకా పుట్టలేదని ఎంత చెప్పినా వినరు.

ఈ అనుభవంతో ప్రభుత్వం వారికి, విశ్వవిద్యాలయాల వారికి కొన్ని సంగతులు విన్నవించుకుంటున్నాను. మొదటిది: సదస్సుకు వచ్చేవాళ్లు సదస్సు కోసం రారు. సెలవు చీటీలో ‘పరిశోధనా పత్ర సమర్పణ నిమిత్తం’ అని ఉంటుంది, ఆన్ డ్యూటీ మంజూరవుతుంది, టీఏ డీఏ వస్తుంది. కానీ వాట్సాప్ గ్రూపు తెరిచిన రోజు నుంచి నాకు వచ్చే ప్రశ్నలు వేరు. బిర్యానీ ఎక్కడ బాగుంటుంది? ముత్యం అసలుదో నకిలీదో పంటితో గీకి చూస్తే తెలుస్తుందట, నిజమేనా? ఫిల్మ్ సిటీ టికెట్టు రిజిస్ట్రేషన్ ఫీజులో కలిసే ఉంటుందా? కీలకోపన్యాసం ఎన్నింటికని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. కీలకోపన్యాసకుడు కూడా.

రెండోది, మన సిటీ టూర్. బ్రోచర్‌లో ‘శుక్రవారం మధ్యాహ్నం 2 నుంచి 6 వరకు: సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా, చార్మినార్, గోల్కొండ, ట్యాంక్‌బండ్’ అని అచ్చేస్తాం. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. చౌమహల్లా ప్యాలెస్‌కీ అంతే. ఈ సంగతి నేను ప్రతి ఏడూ మీటింగులో చెబుతాను, మినిట్స్‌లో రాసుకుంటారు, మళ్లీ శుక్రవారమే పెడతారు. ఎందుకంటే ముగింపు సభ శుక్రవారం, ముఖ్య అతిథికి ఆ రోజే ఖాళీ.

పోనీ చార్మినార్. మాదాపూర్ నుంచి ఇరవై కిలోమీటర్లు ఉంటుంది. ఆ సాయంత్రపు ట్రాఫిక్‌లో బస్సు ఎంతసేపటికి చేరుతుందో డ్రైవర్‌కీ దేవుడికీ తెలియాలి, డ్రైవర్‌కి తెలియదు. తీరా చేరాక బస్సును దాని దగ్గరికి పోనివ్వరు. మదీనా చౌరస్తా దగ్గరే ఆపి ‘అదిగో’ అని చూపిస్తాం. నలభై రెండు తలలు ఎడమ కిటికీకి తిరుగుతాయి. కుడివైపు కూర్చున్నవాళ్లు ముందు సీటువాళ్ల ఫోన్ తెరలో చూస్తారు. దారిలో హుస్సేన్‌సాగర్ బుద్ధుడి గురించి మైకులో చెబుతాను. 1990లో తీసుకెళ్తుండగా బార్జి ఒరిగి విగ్రహం సాగర్‌లో పడిపోయింది, మనుషుల ప్రాణాలూ పోయాయి, 1992లో పైకి తీసి నిలబెట్టారు. నేను 1990లో ఉండగానే పచ్చ సిగ్నల్ పడి బస్సు దాటిపోతుంది. వాళ్ల దృష్టిలో బుద్ధుడు ఇంకా నీళ్లలోనే ఉన్నాడు.

గోల్కొండలో మాత్రం అందరూ దిగుతారు. సింహద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినపడుతుందని గైడు చెబుతాడు. నలభై రెండు మందీ కింద నిలబడి చప్పట్లు కొడతారు. పైకెక్కి వినేవాడు ఒక్కడూ ఉండడు. మా పేపర్ సెషన్లలోనూ జరిగేది ఇదే కాబట్టి ఎవరికీ వింతగా అనిపించదు.

చార్మినార్ కష్టానికి మా గాలా డిన్నర్ కమిటీ ఎప్పుడో పరిష్కారం కనిపెట్టింది. కన్వెన్షన్ హాలు లాన్‌లో ఫైబర్‌తో చార్మినార్ వేయిస్తారు. అసలుదాన్ని 1591లో కట్టారు. మాది మధ్యాహ్నం రెండింటికి మొదలుపెడితే ఆరింటికి రంగుతో సహా పూర్తవుతుంది. కింద గాజుల స్టాలు, మెహందీ పెట్టే అమ్మాయిలు, షేర్వానీ తొడుక్కుని ఇరానీ చాయ్ పోసే కుర్రాడు. పక్కనే పార్కింగ్ ఉంది, ఏసీ హాలు ఉంది, బాత్రూమ్ ఉంది. ఈ మూడూ అసలు చార్మినార్ దగ్గర దొరకడం కష్టం. డెలిగేట్లు ఫొటోలు దిగి ‘ఎట్ చార్మినార్’ అని పెట్టుకుంటారు. కాబట్టి నా విన్నపం ఏమిటంటే, ప్రతి కన్వెన్షన్ సెంటర్‌లోనూ ఒక శాశ్వత ఫైబర్ చార్మినార్ మంజూరు చేసి, రాయీ సున్నంతో కట్టినదాన్ని మా పాతబస్తీవాళ్లకు వదిలేయాలి.

ఇది అత్యాశేమీ కాదు, ముందు నమూనాలు ఉన్నాయి. 2017 నవంబర్‌లో ఇక్కడ ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది, ఇవాంకా ట్రంప్ వచ్చారు. అప్పుడు ఊళ్లో భిక్షాటనను రెండు నెలల పాటు నిషేధించి, రోడ్ల మీది బిచ్చగాళ్లను జైళ్ల శాఖ ఆశ్రమాలకు తరలించారు. ఆ దారిలో గుంతలు పూడ్చారు, గోడలకు రంగులేశారు. విందు ఫలక్‌నుమాలో, 101 మంది కూర్చునే బల్ల ఉన్న ప్యాలెస్‌లో ఇచ్చారు. అతిథి కోసం ఊరినే ఫైబర్‌తో పోతపోసినంత పని అయింది. మా వీధివాళ్లు మాత్రం ఇవాంకా ఒకసారి మలక్‌పేట మీదుగా వెళ్తే బాగుండునని మొక్కుకున్నారు. మొక్కు తీరలేదు, గుంత అలాగే ఉంది.

ఇక నైట్‌లైఫ్. ఆ మాట డెలిగేట్లు పైకి అనరు. ‘సార్, రాత్రిపూట ఇక్కడ వాతావరణం ఎలా ఉంటుంది?’ అని అడుగుతారు. ‘చల్లగానే ఉంటుంది సార్’ అంటాను. ఒకసారి నలుగురు మృత్తికా శాస్త్రవేత్తలు పట్టుబడితే జూబ్లీహిల్స్‌లో ఒక పబ్ దాకా తీసుకెళ్లాను. నలుగురి మెడల్లోనూ ‘డెలిగేట్’ ట్యాగులు వేలాడుతున్నాయి, చేతుల్లో జనపనార కిట్ బ్యాగులు. బౌన్సర్ ట్యాగు చదివాడు, బ్యాగు తెరిచి ప్రొసీడింగ్స్ పుస్తకం తిరగేశాడు. ‘స్టాగ్ ఎంట్రీ లేదు సార్’ అన్నాడు, ఆడతోడు లేని మగవాళ్లని రానివ్వరని. స్టాగ్ అంటే మగజింకే కదా అని అందులో సీనియర్ సందేహం వెలిబుచ్చాడు. అక్కడి నుంచి కేబుల్ బ్రిడ్జికి పోతే, లైట్లు బాగున్నాయి గానీ బండి ఆపితే చలానా అన్నారు. తిరిగి వస్తుంటే డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీ. మా డ్రైవర్ గొట్టంలోకి ఊదాడు, సున్నా వచ్చింది. వెనకాల కూర్చున్న నలుగురూ తామూ ఊదుతామని ఉబలాటపడ్డారు. ఆ రాత్రి వాళ్లకు దొరికిన కాలక్షేపం అదొక్కటే. చివరికి గెస్ట్‌హౌస్ రూములో చిప్స్, సోడా పెట్టుకుని మర్నాటి పీపీటీలో ఫాంట్ సైజు పెంచుకుంటూ కూర్చున్నారు.

ఒక్క ఏడాది మాత్రం ముఖ్య అతిథి మాట తప్పడంతో టూర్ శనివారానికి మారింది, మ్యూజియం తెరిచి ఉంది. అందరినీ సంగీత గడియారం ముందు కూర్చోబెట్టాను. పన్నెండుకి ఐదు నిమిషాలుంది. అక్కడున్న సందర్శకులంతా కలిసి మూడు వందల మంది ఫోన్లెత్తి ఊపిరి బిగబట్టారు. గడియారంలో చిన్న తలుపు తెరుచుకుంది, గడ్డపు బొమ్మ బయటికొచ్చి గంట కొట్టడం మొదలుపెట్టాడు. అప్పుడు నేను వీపు అటు తిప్పి తలలు లెక్కపెడుతున్నాను. పన్నెండో గంటకి లెక్క తేలింది: నలభై ఒకటి. ధార్వాడ్ నుంచి వచ్చిన పెద్దాయన లేడు.

టెన్షన్‌తో బయటికి పరుగెత్తాను. దారుల్షిఫా వైపు సందులో ఒక ఇరానీ హోటల్లో, మా బస్సు డ్రైవర్ పక్కన కూర్చుని చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటున్నాడు.

“ఎక్కడికి పోయారు సార్, ప్రాణం పోయింది!”

“రాత్రి నిద్ర పట్టక ఆటోలో చార్మినార్‌కి వెళ్లాను సార్. ఒంటిగంటకి దాని కింద ఎవరూ లేరు. పావురాలు నిద్రపోతున్నాయి. తెల్లారేదాకా తిరిగి, మీర్ ఆలం మండిలో కూరగాయలు దిగుతుంటే చూశాను. మీరూ కూర్చోండి, చాయ్ తాగుదురుగాని.”

“సారుకి టైమ్ లేదు,” అన్నాడు డ్రైవర్. “ఊరు చూపియ్యాలె.”

బస్సెక్కాక ఫైలు తీసి, సిటీ టూర్ హాజరు పట్టీలో ఆయన పేరుకి ఎదురుగా ఎర్ర ఇంకుతో ‘గైర్హాజరు’ అని రాశాను.