గ్లెన్ క్యాంప్‌బెల్‌ని జబ్బుతోనే గుర్తుపెట్టుకుందామా?

అమెరికన్ గాయకుడు, గిటార్ వాద్యకారుడు గ్లెన్ క్యాంప్‌బెల్ పేరెత్తితే చాలామంది ముందు అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు గురించే మాట్లాడతారు. 2017 ఆగస్టు 8న, 81 ఏళ్ల వయసులో ఆయన నాష్‌విల్‌లో కన్నుమూశారు. ఆ జబ్బుతోనే పోయారన్నది నిజమే. కానీ నాకెంతో ఇష్టమైన గాయకుడు చివరికి ఒక జబ్బుకు ఉదాహరణగా మిగిలిపోతే మనసు ఒప్పుకోదు.

2011లో జబ్బు సంగతి బయటపెట్టి, వీడ్కోలు కచేరీలు మొదలుపెట్టారు. 2012 నవంబర్ చివర్లో కాలిఫోర్నియాలోని నాపాలో ముగిసేసరికి అవి 151 అయ్యాయి. బ్యాండ్‌లో ఆయన పిల్లలు ముగ్గురు వాయించారు. పాట మాటలు మరిచిపోతే చూసుకోవడానికి ఎదురుగా తెర పెట్టారు. జబ్బు మనిషిని స్టేజీ ఎక్కించి టికెట్లు అమ్మడమేమిటని నాకూ మొదట అనిపించింది. ఆ కచేరీల మీద వచ్చిన డాక్యుమెంటరీ చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. మాట దగ్గర తడబడిన మనిషే గిటార్ సోలో వచ్చేసరికి నిటారుగా నిలబడి వాయిస్తున్నాడు. తన పనిలో తాను ఉన్నాడు. అక్కడ జాలిపడడానికి ఏమీ కనిపించలేదు.

ఆ వేళ్లకు అంత పని ఎలా అబ్బిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. అర్కాన్సాలో డిలైట్ అనే చిన్న ఊరి దగ్గర, 12 మంది పిల్లలున్న పేద రైతు ఇంట్లో 1936లో పుట్టారు. 1960లో లాస్ ఏంజెలిస్ చేరి స్టూడియోల్లో గిటార్ వాయించే పనిలో పడ్డారు. తర్వాతి కాలంలో ‘రెకింగ్ క్రూ’ అని పిలిచిన వాద్యకారుల గుంపులో ఆయనొకరు. నొటేషన్ చదవడం రాదు, విని వాయించేవారు. గాయకుడు ఫ్రాంక్ సినాత్రా, బీచ్ బాయ్స్ బృందం రికార్డుల్లోనూ ఆ గిటార్ ఉంది. వింటున్నవాళ్లకు మాత్రం ఆ వాయించిన మనిషెవరో తెలియదు.

తన పాటల్లోనూ ఆ పనివాడే కనిపిస్తాడు. 1968 నాటి ‘విచిటా లైన్‌మ్యాన్’ తీసుకోండి. రాసిన జిమ్మీ వెబ్ అది ఇంకా పూర్తికాలేదనే అనుకున్నారు. మరో చరణం రావాల్సిన చోట క్యాంప్‌బెల్ మంద్రంగా పలికే తీగల మీద ఒక చిన్న సోలో వాయించి ఊరుకున్నారు. స్తంభం మీద ఒంటరిగా పనిచేసుకునే మనిషి గురించిన పాట అది. అక్కడ ఇంకో చరణం ఉంటే పాట పాడైపోయేదని నా నమ్మకం.

ఆయన పాప్ గాయకుడా, కంట్రీ (అమెరికా పల్లె బాణీల సంగీతం) గాయకుడా అన్న తగువు నాకు అంత ముఖ్యం కాదు. 1975లో ఆయన పాట ‘రైన్‌స్టోన్ కౌబాయ్’ అమెరికాలో పాప్, కంట్రీ హిట్ పాటల జాబితాలు రెండింటిలోనూ మొదటి స్థానంలో నిలిచింది. తాను కంట్రీ గాయకుణ్ని కాననీ, పాటలు పాడే పల్లెటూరి కుర్రాణ్ననీ ఆయనే చెప్పుకునేవారు. నాకు ఆ జవాబు చాలు.

2013 జనవరిలో ఆఖరి పాట రికార్డు చేశారు. ‘ఐయామ్ నాట్ గొనా మిస్ యూ’ అనే ఆ పాటకు తర్వాత గ్రామీ వచ్చింది. జబ్బు ముదిరాక నువ్వు దూరమైన సంగతి కూడా నాకు తెలియదు, ఆ బాధంతా నీదే అని భార్యతో చెప్పుకునే పాట. ఆ రోజు స్టూడియోలో ఆయన వెనక వాయించినవాళ్లలో రెకింగ్ క్రూ నాటి పాత మిత్రులున్నారు.