తడిసేది నీరు కాదు

నీరు తడిగా ఉంటుందా అన్న ప్రశ్నను పిల్లల పొడుపుకథలా తీసిపారేయడం నాకు నచ్చదు. దానికి ఖచ్చితమైన జవాబు ఉంది. నీరు తడుపుతుంది గాని, తాను తడిసి ఉండదు.

నెల్లూరు జిల్లా కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం ప్రాంతాల్లో వరికి మందు కొట్టేటప్పుడు చూడండి. వరి ఆకు పైపొరలో మైనం, దాని మీద కంటికి ఆనని బొడిపెలు ఉండటం వల్ల చుక్క పరుచుకోకుండా గోళీలా దొర్లి మడిలో పడిపోతుంది. అందుకే రైతులు స్ప్రేయర్ ట్యాంకులో జిగురు మందు గాని, సబ్బుపొడి గాని కలుపుతారు. నీటి పైభాగాన్ని సాగదీసిన పొరలా బిగించి ఉంచే బలమే తలతన్యత. గది ఉష్ణోగ్రత వద్ద మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లుండే ఈ తలతన్యతను సబ్బు దాదాపు సగానికి తగ్గిస్తుంది. అప్పుడు ఆకు తడుస్తుంది. తడి నీటికి పుట్టుకతో వచ్చిన గుణమే అయితే, పచ్చని ఆకును తడపడానికి దానికి సబ్బు సాయం ఎందుకు?

ద్రవం, ఘనపదార్థం, గాలి కలిసే అంచు వద్ద ఏర్పడే స్పర్శకోణాన్ని ఇంగ్లండ్ శాస్త్రవేత్త థామస్ యంగ్ 1805లోనే వివరించాడు. ఆ కోణం 90 డిగ్రీల కన్నా తక్కువైతే ద్రవం ఆ తలాన్ని తడిపినట్టు, ఎక్కువైతే తడపనట్టు లెక్క. గాజు మీద పాదరసానికి అది సుమారు 140 డిగ్రీలు. పాదరసమూ ద్రవమే, అయినా గాజును తడపదు. కాబట్టి తడి అన్నది రెండు పదార్థాల మధ్య జరిగే వ్యవహారం. ఏ ఒక్కదాని సొంత ఆస్తీ కాదు.

ప్రతి నీటి అణువునూ చుట్టుపక్కల అణువులు తాకుతున్నాయి గనుక నీరంతా తడే అని కొందరు గట్టిగా వాదిస్తారు. ఈ వాదన నన్ను నిజంగా బాధపెడుతుంది, ఎందుకంటే వాస్తవం దీనికి సరిగ్గా ఎదురుగా ఉంది. నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకోవడం సంసంజనం. తలాన్ని అంటుకోవడం అసంజనం. మొదటి పట్టు అంత బలంగా ఉన్నందుకే వరి ఆకు తడవకుండా మిగిలింది. తడపడానికి అడ్డుపడే బలాన్నే తడికి సాక్ష్యంగా ఎలా చూపుతారు? పైగా నీటిలో నీరు పోస్తే రెండూ కలిసిపోతాయి. మధ్యలో అంచు మిగలదు, కొలవడానికి కోణమూ ఉండదు.

ఒక్క మినహాయింపును మాత్రం మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. రొయ్యల పట్టుబడి రోజున క్రేట్లలో వేసే ఐసు కూడా నీరే, అయినా కరిగిన నీరు దాని మీద పొరలా పరుచుకున్నప్పుడు ఐసు తడిసిందనడం సబబే, ఎందుకంటే అక్కడ గట్టి తలం ఉంది. బిందెలోని నీటికి అది లేదు.